కయాక్ నేర్చుకునేవాళ్లు ఒంటి బ్లేడు తెడ్డుతో సాధన చేయడం ఎలా?

వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి ప్రాజెక్టుకో, విశాఖలో రుషికొండకో వెళ్లి కయాక్ మీద చేయి తిరిగినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మధ్యలో కెనూ తెడ్డు పట్టుకుంటే కయాక్ అలవాటు చెడిపోతుందా, బాగుపడుతుందా?" కయాక్‌ను రెండు కొసలా బ్లేడు (నీటిని తోసే పలక) ఉన్న పాడిల్‌తో, కెనూను ఒకే బ్లేడున్న తెడ్డుతో నడుపుతారు. అమెరికాలో ఉన్న మనవాళ్ల ప్రశ్న ఇంకో రకం. వాళ్లకు సరస్సుల దగ్గర కెనూ అద్దెకు సులువుగా దొరుకుతుంది. "కయాక్ దొరకని రోజు కెనూ నడిపితే ఉపయోగమేనా?" అంటారు.

రెండింటికీ జవాబు ఒకటే. బాగుపడుతుంది, చాలా బాగుపడుతుంది. కాకపోతే సాధన ఒక పద్ధతిలో సాగాలి, ప్రతిసారీ చివర్లో మళ్లీ కయాక్ పాడిల్ పట్టాలి. అలా చేయకపోతే రెండు మూడు చెడు అలవాట్లు కూడా వెంట వస్తాయి. అవేంటో, వాటిని ఎలా పట్టుకోవాలో కింద చెప్తాను.

కారణం క్లుప్తంగా ఇది. కయాక్‌లో కుడివైపు వేసిన పోటు (స్ట్రోక్) తప్పయితే ఎడమవైపు పోటు దాన్ని కప్పేస్తుంది. తప్పు మనకు తెలియను కూడా తెలియదు. ఒకే బ్లేడు ఉంటే ఆ వెసులుబాటు ఉండదు. ముందుకు నడపడం, దిశ సరిచేయడం, పడిపోకుండా ఆపుకోవడం, అన్నీ ఒకే వైపు నుంచి జరగాలి. అందుకే బ్లేడు కోణం, తుంటి కదలిక, నడుము తిప్పడం మూడూ పదునెక్కుతాయి.

ఇది రెండు పడవల మధ్య నిజంగా దాటే విద్యే. ఆస్ట్రేలియా క్రీడాకారిణి జెస్సికా ఫాక్స్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కయాక్ స్లాలమ్, కెనూ స్లాలమ్ (ఉరవడి నీళ్లలో గేట్ల మధ్య నుంచి పడవ నడిపే పందెం) రెండింటిలోనూ స్వర్ణం గెలిచింది. మన ప్రాచీ యాదవ్ 2023లో హాంగ్జౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో కయాక్‌లో స్వర్ణం, ఒంటి బ్లేడుతో నడిపే వా పడవలో రజతం సాధించింది.

ఈ వ్యాసంలో "తెడ్డు" అని రాసిన ప్రతిచోటా ఒక బ్లేడున్నది, "పాడిల్" అని రాసిన చోట రెండు బ్లేడ్లున్నది అనుకోండి.

కావలసినవి

- మీరు ఇప్పటికే నడుపుతున్న కయాక్. కెనూ ఉంటే సరే, లేకపోయినా పర్వాలేదు. ఈ సాధన మొత్తం కయాక్‌లో కూర్చునే చేయొచ్చు.
- ఒక తెడ్డు. పై కొసన టీ ఆకారంలో పిడి ఉన్నదైతే మంచిది. కొలత చూడటానికి కుర్చీలో నిటారుగా కూర్చోండి. పిడిని కుర్చీ మీద ఆనించి తెడ్డును తలకిందులుగా నిలబెడితే, బ్లేడు మొదలయ్యే చోటు మీ గడ్డానికీ ముక్కుకూ మధ్య ఉండాలి.
- తెడ్డు దొరకకపోతే మధ్యలో విడిపోయే పాడిల్‌లో సగం వాడుకోండి. 220 సెంటీమీటర్ల పాడిల్‌లో సగం సుమారు 110 వస్తుంది. కయాక్‌లో కిందుగా కూర్చుంటాం కాబట్టి సరిపోతుంది.
- లైఫ్ జాకెట్. ఈత ఎంత బాగా వచ్చినా సరే, ఒంటిమీద బిగించి ఉండాల్సిందే.
- తోడుగా ఇంకో పడవలో ఒక మనిషి. వీడియో తీయడానికి కూడా ఆ మనిషే కావాలి.
- నీళ్లు తగలని కవరులో ఫోను.

సగం పాడిల్ వాడేవాళ్లకు రెండు జాగ్రత్తలు. విడదీసిన కొస దగ్గర బిగించే బటన్, గరుకు అంచు ఉంటాయి, అరచేయి చీరుకుపోతుంది. గుడ్డ చుట్టి టేపు వేయండి. ఆ గొట్టం తెరిచి ఉంటే నీళ్లు కూడా లోపలికి పోతాయి. చేతిలోంచి జారితే మునిగిపోవచ్చు. బెండు ముక్కతో మూసి, ఒడ్డు పక్కన లోతులేని చోట ఒకసారి వదిలి తేలుతోందో లేదో చూసుకోండి.

చోటు విషయంలో రాజీ వద్దు. గాలి లేవకముందు తెల్లవారి పూట, ప్రవాహం లేని నీళ్లు, ఒడ్డు దగ్గర. గాలి ఉంటే పడవ దానంతట అదే తిరుగుతుంది. తప్పు మీదో గాలిదో తేల్చుకోలేరు. వానాకాలంలో గేట్లు ఎత్తే ప్రాజెక్టుల్లో, వరద ఉన్న నదిలో ఈ సాధన అసలు వద్దు.

1. ముందు మీ ఇప్పటి స్థాయి రాసి పెట్టుకోండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. తర్వాత "ఏమైనా మారిందా" అని అడిగితే జవాబు ఉండదు.

ఒడ్డున కనిపించే రెండు గుర్తులు ఎంచుకోండి. మధ్య దూరం ఓ వంద మీటర్లుంటే చాలు. మామూలు పాడిల్‌తో ఒక గుర్తు నుంచి రెండో గుర్తుకు నడపండి. రెండు లెక్కలు పెట్టాలి: మొత్తం ఎన్ని పోట్లు పడ్డాయి, అందులో దిశ సరిచేయడానికి వేసినవి ఎన్ని. సరిచేసేవి అంటే దూరంగా చాచి ఊడ్చినట్టు వేసినవి, వెనక బ్లేడును నీళ్లలో ఈడ్చినవి, ఒకే వైపు వరసగా రెండు వేసినవి. తోడు వచ్చినవారిని సరిగ్గా మీ వెనక నుంచి వీడియో తీయమనండి.

2. తెడ్డు పట్టుకోవడం

పై చేయి పిడి మీద, కింది చేయి బ్లేడుకు జానెడు పైన. పోటు వేసేటప్పుడు రెండు చేతులూ పడవ బయట, నీటి మీద ఉండాలి. అప్పుడే తెడ్డు నిలువుగా దిగుతుంది. పై చేయి మీ ఛాతీ ముందు ఆగిపోతే తెడ్డు ఏటవాలుగా దిగి, ప్రతి పోటుకూ పడవ ముక్కు అవతలికి పోతుంది.

మొదట మీకు చేతకాని వైపు పట్టండి. కుడిచేతి వాటం వాళ్లు సాధారణంగా ఏదో ఒక వైపు స్థిరపడిపోతారు, రెండో వైపు ఎప్పటికీ రాదు. కయాక్‌కు రెండు వైపులూ కావాలి కదా. అలవాటైన వైపు పది నిమిషాలైతే, రానివైపు పదిహేను.

3. కదలకుండా ఒకచోటే పడవను పక్కకు లాగండి

నడుమును పక్కకు తిప్పి, తుంటికి సూటిగా, చేతికందే దూరంలో బ్లేడు దించండి. బ్లేడు ముఖం మీ వైపు ఉండాలి. ఇప్పుడు బ్లేడును లాగుతున్నాననుకోకుండా, పడవను బ్లేడు దగ్గరికి లాగుతున్నాననుకోండి. బ్లేడు పడవకు ఇంకా జానెడు దూరంలో ఉండగానే దాన్ని తొంభై డిగ్రీలు తిప్పి, అంచుతో నీటిని కోస్తూ మళ్లీ బయటికి తీసుకెళ్లండి.

హెచ్చరిక: బ్లేడు పడవకు తగిలేదాకా లాగితే అది పడవ కిందికి దూరుతుంది. తెడ్డు పట్టుకుని ఉన్న మీరు దానితోపాటే బోల్తా పడతారు. అలా దూరినట్టు అనిపిస్తే పై చేయి వదిలేయండి, తెడ్డు దానంతట అదే బయటికొస్తుంది.

సరిగ్గా చేశారా? పడవ మొత్తం పక్కకు జరగాలి. ముక్కు ముందు వస్తే మీరు బ్లేడు ముందుకు వేశారు. వెనక భాగం ముందు వస్తే వెనక్కు వేశారు. పడవే చెప్తుంది, ఇంకెవరినీ అడగక్కర్లేదు.

ఇది వచ్చాక బ్లేడును బయటికి తీయకుండా పడవకు సమాంతరంగా ముందుకూ వెనక్కూ ఆడించండి. తాపీ మేస్త్రి గోడకు పూత వేసేటప్పుడు తాపీ ఎటు కదిలితే అటువైపు అంచు కాస్త లేచి ఉంటుంది చూడండి, బ్లేడు అంచు కూడా అలాగే ఉండాలి. లేచిన అంచు ఎక్కువైతే నీళ్లు చప్పుడు చేస్తాయి, పడవ జరగదు. కొంచెమే ఉంటే చప్పుడు లేకుండా పడవ పక్కకు నడుస్తుంది.

కృష్ణ మీదో తుంగభద్ర మీదో పుట్టి నడిపేవాళ్లు కనిపిస్తే ఆగి చూడండి. గుండ్రటి పుట్టికి ముక్కూ తోకా లేవు. అయినా ముందువైపు తెడ్డును అటూ ఇటూ ఆడిస్తూ అనుకున్న చోటికి తీసుకెళ్తారు. బ్లేడు కోణం అంటే ఏమిటో పది వీడియోల కంటే అక్కడ బాగా అర్థమవుతుంది.

4. ఒకే వైపు పోట్లతో ముందుకు

ఇక నడపండి. ఏమీ సరిచేయకుండా ఒకవైపే వరసగా పోట్లు వేయండి. కుడివైపు వేస్తే పడవ ఎడమకు తిరుగుతూ పోతుంది. పోనివ్వండి. ఎంత తొందరగా తిరుగుతోందో గమనించండి, అంతే.

ఇప్పుడు తెడ్డును ఇంకా నిలువుగా, పడవను ఆనుకుని వేయండి. బ్లేడు మీ పాదాల దగ్గర మునగాలి, తుంటి దాటకముందే బయటికి రావాలి. అదే వైపు పాదంతో ఆనుడు పలకను (ఫుట్‌రెస్ట్) నొక్కండి. తిరగడం తగ్గుతుంది. ఈ ఒక్క మార్పు కయాక్‌లో మీ ముందు పోటును నేరుగా బాగుచేస్తుంది, ఎందుకంటే అక్కడా కావలసింది ఇదే.

పొడవాటి టూరింగ్ కయాక్ ఉన్నవాళ్లు ఇంకోటి ప్రయత్నించండి. తెడ్డు కుడివైపు ఉంటే, ఎడమ తుంటి మీద బరువు వేసి పడవ ఎడమ అంచును కాస్త కిందికి దించండి. ఒళ్లు వాలకూడదు, తుంటి మాత్రమే. పొడవాటి పడవలు దించిన అంచుకు ఎదురు వైపు తిరగడానికి చూస్తాయి కాబట్టి పోటు వల్ల వచ్చే తిరుగుడు కొంత సర్దుకుంటుంది. నదుల్లో వాడే పొట్టి పడవలు ఇలా కాదు, వేగం ఉన్నప్పుడు ఒరిగిన వైపుకే మలుపు తీసుకుంటాయి. అద్దెకిచ్చే వెడల్పాటి ప్లాస్టిక్ పడవలు ఒరగడమే తక్కువ, వాటితో ఈ భాగం వదిలేయండి.

5. దిశ సరిచేసే జే స్ట్రోక్

మామూలు పోటు వేస్తూ బ్లేడు తుంటి దగ్గరికి రాగానే పై చేతి బొటనవేలిని కిందికి తిప్పండి. దానితో బ్లేడు తిరిగి, ఇప్పటిదాకా నీటిని లాగిన ముఖం పడవకు బయటివైపు చూస్తుంది. అక్కడ కొద్దిగా బయటికి తోయండి. పైనుంచి చూస్తే ఇంగ్లీషు జే అక్షరం గీసినట్టు ఉంటుంది.

ఎక్కువమంది బొటనవేలిని పైకి తిప్పుతారు. అప్పుడు బ్లేడు వెనక ముఖంతో నీటిని ఆపినట్టవుతుంది. పడవ తిరుగుతుంది, కానీ వేగం సగం పోతుంది. సగం పాడిల్ వాడేవాళ్లకు మాత్రం బ్లేడు వంపు వల్ల జే కష్టం. వాళ్లు బొటనవేలు పైకే ఉంచి చిన్నగా తోస్తే చాలు. వేగం తగ్గుతుందని తెలిసి చేయడం వేరు, తెలియక చేయడం వేరు.

ఇంకో తప్పు: రెండు మూడు పోట్లు వేసి, దారి తప్పగానే తెడ్డును రెండో వైపుకు మార్చడం. దూరం వెళ్లే కెనూ పందేల్లో కొన్ని పోట్లకోసారి వైపు మారుస్తారు, అది వేగం కోసం. మన లక్ష్యం వేగం కాదు. వైపు మార్చిన ప్రతిసారీ నేర్చుకోవాల్సిన పాఠాన్ని తప్పించుకున్నట్టే.

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి వెనక్కి తిరిగి నీటి మీద పడవ గీసిన చాలును చూడండి. మొదట పాములా మెలికలు తిరుగుతుంది. మెలికలు చిన్నవై, చివరికి చాలు ఒక వైపు కొద్దిగా వంగినా నునుపుగా కనిపిస్తే మీరు దారిలో ఉన్నారు.

6. చేతులు మార్చకుండా అవతలి వైపుకు

కయాక్ నడిపేవాళ్లకు ఈ వ్యాసంలో అన్నిటికంటే పనికొచ్చే మెట్టు ఇది. తెడ్డు కుడివైపు ఉంది. పట్టు అలాగే ఉంచి, నడుము మొత్తం ఎడమకు తిప్పి, పడవ ముక్కు మీదుగా బ్లేడును ఎడమవైపు దించండి. నీటిని లాగే ముఖం ముక్కు వైపు ఉండాలి. ముక్కును బ్లేడు దగ్గరికి లాగండి.

నడుము తిప్పకుండా ఇది చేయడం శరీరానికి సాధ్యం కాదు. చేతులతో మాత్రమే లాగే అలవాటున్నవాళ్లు ఇక్కడ ఇరుక్కుపోతారు. పాడిల్‌తో నడిపేటప్పుడు "నడుము తిప్పు, నడుము తిప్పు" అని ఎంత చెప్పినా ఎక్కనిది, ఇక్కడ తనంతట తానే వస్తుంది.

భుజం జాగ్రత్త. రెండు చేతులూ ఎప్పుడూ మీ ఛాతీ ముందే ఉండాలి. మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. చేయి భుజం వెనక్కి పోయి, అదే సమయంలో నీళ్లు బ్లేడును లాగితే భుజం కీలు తప్పుతుంది. చూపు ఎటు ఉంటే నడుము అటు తిరుగుతుంది కాబట్టి ముందు చూపు తిప్పండి, తర్వాత తెడ్డు.

7. ఆసరా లేని వైపు ఒరగడం

తెడ్డును కుడివైపు నీటి మీద చదునుగా ఆనించండి. ఎడమవైపుకు పడవను తుంటితో మెల్లగా ఒరిగించి, మోకాలితో మళ్లీ నిలబెట్టండి. ఎడమవైపు మీకు బ్లేడు లేదు. తుంటి పని చేయకపోతే నీళ్లలో పడతారు. అందుకే ఇది నడుం లోతు నీళ్లలో, తోడు మనిషి పక్కన ఉండగా చేయండి. తల చివరగా లేవాలి. తల ముందు లేపితే పడవ ఇంకా ఒరుగుతుంది.

బోల్తా పడితే బయటికి రావడం ఇంకా నేర్చుకోనివాళ్లు ఈ మెట్టు వదిలేయండి.

కెనూలో మోకాళ్ల మీద కూర్చుని చేసేవాళ్లు మోకాళ్ల కింద మందపాటి స్పాంజి వేసుకోండి. పాదాలు సీటు కిందికి పోతాయి కాబట్టి లావుపాటి షూ వద్దు. బోల్తా పడినప్పుడు పాదం సీటు కింద ఇరుక్కుంటే అది చాలా ప్రమాదం.

8. అదే రోజు, ఒడ్డు ఎక్కకముందే, పాడిల్ పట్టండి

పాతిక నిమిషాల తెడ్డు సాధన తర్వాత పదిహేను నిమిషాలు పాడిల్. ఇది తప్పనిసరి. తెడ్డుతో వచ్చిన చురుకు చేతుల్లో ఉన్నప్పుడే పాడిల్‌లోకి దింపాలి. మొదటి రెండు మూడు నిమిషాలు గందరగోళంగా ఉంటుంది, రెండో బ్లేడు ఎక్కడుందో మరిచిపోతారు. టెన్షన్ పడకండి, సర్దుకుంటుంది.

ముందు మలుపు ప్రయత్నించండి. కాస్త వేగంలో ఉండగా నడుము తిప్పి, పాడిల్‌ను నిలువుగా పడవ ముక్కు పక్కన దించి, నీటిని లాగే ముఖం కొద్దిగా ముక్కు వైపు తిరిగేలా బ్లేడును పట్టుకోండి. పడవ ఆ బ్లేడు చుట్టూ తిరుగుతుంది. దీన్ని డఫెక్ స్ట్రోక్ అంటారు. మిలో డఫెక్ అనే చెక్ క్రీడాకారుడు 1953లో ఇటలీలోని మెరానోలో జరిగిన స్లాలమ్ ప్రపంచ పోటీల్లో కయాక్‌లో దీన్ని చూపించాడు. నిలువుగా దించి, పడవను బ్లేడు దగ్గరికి తెచ్చే ఆ పద్ధతి కెనూ వాళ్లదే. 3, 6 మెట్లు బాగా చేసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

తర్వాత మామూలుగా ముందుకు నడపండి, వీడియో తీయించుకోండి.

తెడ్డు నుంచి వెంట వచ్చే చెడు అలవాట్లు

వీడియోలో వీటిని వెతకండి.

పోటు తుంటి దాటి వెనక్కి సాగుతోందా? జే స్ట్రోక్ వదిలిపోని గుర్తు అది. పాడిల్‌తో వెనక సాగే ప్రతి పోటూ బ్రేకే. తుంటి దగ్గర మోచేయి పైకి లేపి బ్లేడు తీసేయండి.

పడవ ముక్కు నీటి మీద పైకీ కిందికీ ఊగుతోందా? తెడ్డుతో ముందుకు అందుకోవడానికి నడుము దగ్గర వంగడం అలవాటై ఉంటుంది. పాడిల్‌తో వంగకూడదు, తిరగాలి. వీపు నిటారుగా ఉంచి, బొడ్డును అటూ ఇటూ చూపిస్తున్నట్టు నడపండి.

పట్టు బిగుసుకుపోయిందా? తెడ్డు పిడిని గట్టిగా పట్టి బ్లేడు తిప్పిన చేయి, పాడిల్‌నూ అలాగే పిసుకుతుంది. మణికట్టు నొప్పి అక్కడ మొదలవుతుంది. ముందుకు తోసే చేతి వేళ్లను ప్రతి పోటుకూ కొద్దిగా తెరవండి.

ఒక వైపు పోటు బలంగా, రెండోది బలహీనంగా ఉందా? రానివైపు సాధన తగ్గించారన్నమాట.

ఫలితం ఎలా చూసుకోవాలి

వారానికి ఒకటి రెండు సార్లు చొప్పున కొన్ని వారాలు చేశాక, మొదటి మెట్టులోని అదే దూరం, అదే పడవ, గాలి లేని అదే వేళ. మళ్లీ లెక్క పెట్టండి. మొత్తం పోట్లు పెద్దగా తగ్గకపోవచ్చు, దాని గురించి దిగులు వద్దు. తగ్గాల్సింది సరిచేసే పోట్లు. అవి తగ్గితే సాధన పని చేసింది. తగ్గకపోతే నాలుగో మెట్టుకు వెళ్లి తెడ్డు నిలువుగా దిగుతోందా చూడండి, చాలామందికి లోపం అక్కడే ఉంటుంది.

ఇంకో చిన్న పరీక్ష. చుట్టూ ఎవరూ లేని చోట కళ్లు మూసుకుని పది పోట్లు వేయండి. కళ్లు తెరిచేసరికి ముక్కు ఇంకా అదే చెట్టు వైపు ఉందా? చెవులతోనూ వినండి. బ్లేడు దిగేటప్పుడు టప్ మని చప్పుడు వస్తే బ్లేడు పూర్తిగా మునగకముందే లాగుతున్నారు.

ఎవరు తగ్గించుకోవాలి

వింగ్ పాడిల్‌తో (రెక్కలా వంపు తిరిగిన బ్లేడ్లున్న పందెపు పాడిల్) స్ప్రింట్ సాధన చేస్తున్నవాళ్లు ఈ నాలుగో మెట్టును ఎక్కువ చేయొద్దు. వింగ్ బ్లేడు పడవ నుంచి దూరంగా బయటికి పోతూ పని చేస్తుంది. తెడ్డు పోటు పడవను ఆనుకుని నేరుగా రావాలి. రెండు దారులూ కలిసిపోతే పోటీ ముందు ఇబ్బంది. వాళ్లకు 3, 6, 7 మెట్లు చాలు, అవి కూడా పోటీలు లేని నెలల్లో.

భుజానికి పాత దెబ్బ ఉన్నవాళ్లు ఆరో మెట్టును డాక్టరునో ఫిజియోథెరపిస్టునో అడిగాకే మొదలుపెట్టాలి. సాధన మర్నాడు కండరాలు పట్టేయడం మామూలే. చేయి తల పైకి ఎత్తినప్పుడు భుజం లోపల పొడిచినట్టు నొప్పి వస్తే అది మామూలు కాదు. తెడ్డూ పాడిలూ రెండూ పక్కన పెట్టి, ఆ నొప్పి పూర్తిగా పోయాక మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.